వేగమును కొన్నవాని ఋణము

వేగమును కోరుట దోషము కాదు. కోరువానిని నిందించుటకై నే నీ వ్యాసము వ్రాయుట లేదు. అయితే, వేగమును కొనఁగలిగినవాఁడు కొనలేనివాని యెడల నేమైన ఋణపడునా యను ప్రశ్న నన్ను చిరకాలముగా విడువకున్నది. దానిని నాకు మొదట నేర్పినది పండితుఁడు కాదు, మోడె మను నొక చిన్న డబ్బా.

శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న భావనపాడు గ్రామమున మా పినతండ్రిగారి యింట 2000 ప్రాంతమున నొక కంప్యూటరును, సెకనునకు 14,400 బిట్లు మోయు మోడెమును ఉండెడివి. దేశాంతరమందున్న కుమారుఁడు ఛాయాచిత్రము పంపినచో, అది 300 కిలోబైట్లదైనను దిగుటకు లెక్క ప్రకారము మూడు నిమిషములు. నిజమునకు అంతకు మించియే పట్టుచుండెను. పిన్ని పాలు కాచి దింపుకొని వచ్చునప్పటికి మనుమని నుదురు మాత్రమే తెరమీఁద కనఁబడుచుండెను.

ఆ కష్టము చూడలేక నేను 56,000 బిట్ల మోడెమును కొని తెచ్చి తగిలించితిని. అది కూసి, కీచుమని, కడకు 26,400 వేగమున కుదురుకొన్నది. పినతండ్రిగారు నవ్వి, "డబ్బా కొత్తదే గాని తీఁగ పాతదే కదరా, బాబూ!" అనిరి.

వారి మాటయే శాస్త్రము. టెలిఫోను మార్గము మనుష్యుని కంఠము కొఱకు, సుమారు 300 మొదలు 3,400 వఱకు గల కంపనములకై యేర్పడినది. మార్గపు వెడల్పును, అందలి రొదను దాఁటి యే వేగమును పోఁజాలదని షానన్ 1948లోనే నిరూపించెను. 56,000 అను వాగ్దానము శుభ్రమైన తీఁగకు మాత్రమే చెల్లును. ఉప్పుగాలికి త్రుప్పుపట్టిన యతుకులు గల తీఁగకు కాదు.

ఆ దినమున కలిగిన నిరాశ పోయిన పిదప, ఆ కీచుధ్వనిని నేను శ్రద్ధగా వినసాగితిని. అది వట్టి రొద కాదు, సంభాషణము. "నీ వెంత వేగమున వినఁగలవు? మన నడుమనున్న తీఁగ యెంత మోయఁగలదు?" అని రెండు యంత్రములు పరస్పరము ప్రశ్నించుకొనుచుండును. ఒకటి మందమైనచో రెండవది తన వేగమును తగ్గించుకొనును. 1997లో 56,000 వేగమునకు రెండు పోటీపద్ధతులు పుట్టి, ఒకదాని భాష యొకదానికి తెలియక యున్నప్పుడు గూడ ఆ యంత్రములు కలహింపక 33,600 కు దిగి మాటాడుకొనినవి. 1998లో వి.90 అను నుమ్మడి నియమము వచ్చి ఆ తగవును తీర్చెను. (ఆ నియమమున గూడ పుచ్చుకొనుటకు 56,000, ఇచ్చుటకు 33,600 మాత్రమే. మన సంసారములను చూచియే చేసిరేమో!)

యంత్రమునకు సుగుణ మేమిటి, దిగనిచో అమ్ముడుపోదు గనుక దిగినది, అని మీరందురు. నిజమే. మన సుగుణములలో నెన్ని యిట్టి యవసరమువలన పుట్టినవో లెక్కించి చూడుఁడు.

విచారింపవలసిన దేమన, యంత్రములు పాటించిన యీ మర్యాదను మనుష్యులు పాటింపలేదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ఇంటర్నెట్టును ప్రజలకు తెఱచినపుడు పుటలు చాలవఱకు అక్షరములే. 2005లో 256 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండు వచ్చునప్పటికి, పుటలు చేయువారు తమ కార్యాలయపు తీఁగను కొలతగా పెట్టుకొని బొమ్మలు, హంగులు నింపసాగిరి. పినతండ్రిగారి మోడెము మాఱలేదు. ఐనను ఏఁటేఁట మందమగుచుండెను. వేగమును కొన్నవాఁడు దాని వెలను తానొక్కఁడే యిచ్చుట లేదు. కొననివాఁడును ఇచ్చుచున్నాఁడు, అడుగకయే.

మా జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరపిల్లలకు బడులు పెట్టించుటకు ముందు తామే సవరభాష నేర్చుకొనిరి. వ్యావహారికభాషకై వారు సలిపిన పోరాటమందలి సారమును ఇట్టిదే: చదివినవాఁడు వినువాని చెవి నెఱిఁగి మాటాడవలెను. (దీనిని గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చూచి వారు నవ్వుదురు; నవ్వనిండు.) పంతులుగారు తమ విద్యను తగ్గించుకొన్నారని యెవ్వరును అనలేదు.

మోడెము నేఁడు అటకమీఁద నున్నది. గడచిన వేసవిలో నేను పోయినప్పుడు, చేపలమ్ముకొను నొకామె యేదో దరఖాస్తు ఫోనులో మాత్రమే యున్నదని విని, పినతండ్రిగారి గుమ్మమున కూర్చుండెను. నా ఫోనులో నది కనుఱెప్పపాటున తెఱచుకొన్నది. ఆయన దానిని నా చేతినుండి పుచ్చుకొని, ఆమెకు తెలిసిన మాటలలో నొక్కొక్క పంక్తియే చదివి, ఆమె "ఊఁ" అనిన పిదపనే తరువాతి పంక్తికి పోవుచుండిరి.