భారము దించుట, కొలత మార్చుకొనుట

వయసు మీరినకొలది మనుష్యుడు తన భారమును తగ్గించుకొనవలె నన్న మాట మనవారికి క్రొత్తది కాదు. గృహస్థుడు కొంతకాలమునకు వానప్రస్థుడు కావలె నను ఆశ్రమధర్మములోను, యోగశాస్త్రము చెప్పు ఐదు యమములలో నొకటి యగు అపరిగ్రహములోను ఈ భావమే కలదు. అయితే భారమును దించుట ఎప్పుడు పూర్తి యగును? వస్తువును వదలిన క్షణముననా, లేక ఆ వస్తువుతో కలిగిన అలవాటు కూడ వదలిన పిమ్మటనా? ఈ ప్రశ్న వేదాంతమువలె తోచును గాని, నేనిచ్చట మిక్కిలి లౌకికమగు నొక విషయమును ఆధారము చేసికొని దీనిని విచారింపదలచితిని. ఆ విషయము మోటారు హోము, అనగా చక్రములపై నడచు ఇల్లు.

సినిమా తారల కొరకు చిత్రీకరణస్థలమున నిలుపు క్యారవానును చూచినవారికి దీని రూపము నూహించుట కష్టము కాదు. పడక, వంటగట్టు, స్నానపుగది, నీటితొట్టి, గ్యాసు సిలిండరు, అన్నియు ఒక్క బండిలోనే యుండును. మన దేశమున కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వములు 2021లో క్యారవాన్ పర్యాటకమునకు విధానములు ప్రకటించినవి గాని, ఇది మనకు ఇంకను అరుదైన వేడుకయే. ఐరోపాలో దీనికి చాల కాలపు చరిత్ర కలదు. జర్మనీలో వోక్స్‌వాగన్ సంస్థ 1950లో తన చిన్న వ్యానును విడుదల చేయగా, మరుసటి యేటినుండియే వెస్ట్‌ఫాలియా సంస్థ దానిని విడిది బండిగా అమర్చసాగెను. కాలక్రమమున బండ్లు పెరిగినవి, సౌకర్యములు పెరిగినవి, వానితో బరువును పెరిగినది. ఉద్యోగవిరమణ చేసిన దంపతులు పెద్ద బండిని కొని, కొన్నేండ్లు సంచరించి, తరువాత చిన్నదానికి మారుట ఆ దేశములలో సామాన్యముగా జరుగుచుండును.

బ్రిటన్‌లో ఈ మార్పునకు చట్టము కూడ నొక కారణము. 1997 జనవరి 1వ తేదీకి పూర్వము కారు పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి 7,500 కిలోల వరకు బరువు గల బండి నడపు అర్హత లభించెను. అటుపిమ్మట ఉత్తీర్ణులైన వారికి సాధారణముగా 3,500 కిలోలే హద్దు. పాత అర్హత గలవారును 70 ఏండ్లు నిండునప్పటికి లైసెన్సును పునరుద్ధరించుకొనవలెను. ఆపైన మూడేండ్ల కొకమారు మరల చేసికొనవలెను. 3,500 కిలోల లోపు బండికి తన ఆరోగ్యమును గూర్చి తానే నిజము చెప్పి ధ్రువపరచిన చాలును. అంతకు మించిన దానికి వైద్యుడు పరీక్షించి యిచ్చిన పత్రము కావలెను. చూపునకు మరింత కఠినమైన ప్రమాణము కలదు.

ఇంగ్లండులో నలువది యేండ్లకు పైగా స్థిరపడిన మా అక్కయ్యయు బావగారును 2023 వేసవిలో ఇట్టి మార్పు చేసికొనిరి. ఆ దినములలో వారికి అతిథిగా నుండి, క్రొత్త బండి వెనుక సీటులో కూర్చుండి, నేను కొన్ని వారములు వారితో సంచరించితిని. బావగారికి అప్పుడే డెబ్బది నిండినవి. దృఢకాయులు, వైద్యపరీక్షలో నెగ్గియుండెడివారే యని నా నమ్మకము. ఐనను వారు పరీక్షకు పోక, 4,250 కిలోల బండిని విక్రయించి 3,500 కిలోలదానిని కొనిరి. కారణ మడుగగా, చట్టము ఆపిన దినమున దిగుట ఓటమివలె నుండుననియు, శక్తి యుండగనే దిగినచో క్రొత్తదానిని నేర్చుకొను ఓపిక కూడ మిగిలి యుండుననియు చెప్పిరి. బరువైన బండి పొరపడినచో దెబ్బ తగులునది నడపువానికి మాత్రమే కాదు, త్రోవన పోవువారికి కూడ నను మాటయు చేర్చిరి. దించుకొనుట యందు మొదటి ధర్మ మిదియే. ఒకరు చేయిపట్టి దింపకముందే దిగుటకు తగిన సమయమును తానే నిర్ణయించుకొనవలెను.

రెండవది లెక్క. నేను జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవాడను గనుక లెక్క నాకు సులభముగా బోధపడెను. ఆ చట్టములోని 3,500 కిలోలు బండి బరువు మాత్రమే కాదు. మనుష్యులు, నీరు, సామగ్రి, అన్నియు కలిసి మించరాని మొత్తము. ఖాళీ బండి, ఇంధనము, నడపువారు కలిసి సుమారు 3,150 కిలోలు. మిగిలినవి 350. అక్కయ్య 60, నూరు లీటర్ల నీటికి 100, గ్యాసు సిలిండర్లకు 30, రెండు విద్యుత్ సైకిళ్ళకు 50. ఇక పరుపులు, దుస్తులు, పాత్రలు, బియ్యము, పప్పు, మడత కుర్చీలు, అన్నిటికిని కలిపి 110 కిలోలే. నే నెక్కిన దినమున నా 65 కిలోలు తీసివేయగా 45! అందుచేత సైకిళ్ళు ఇంటియొద్దనే ఆగినవి. నీరు ముప్పది లీటర్లు మాత్రము పట్టి, విడిదికి చేరిన పిదప తొట్టి నింపుకొనుచుంటిమి. బయలుదేరుటకు ముందు లారీలను తూచు కాటాపై బండిని నిలిపి, ఏ ఇరుసుపై నెంత బరువు పడుచున్నదో చూచితిమి. ఎడ్లబండి కట్టిన మన పెద్దల కీ విద్య తెలిసినదే. ముందు బరువైనచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. వెనుక బరువైనచో కాడి పైకి లేచి మెడపలుపులు బిగియును. ఎంత బరువన్నది యెంత ముఖ్యమో, ఎక్కడ నుంచితి మన్నదియు నంత ముఖ్యము.

ఈ లెక్కలోనే ధర్మసందేహ మొకటి పుట్టినది. 110 కిలోలలో ఎవరి వస్తువు ముందు దిగవలెను? బావగారి పుస్తకములు, పనిముట్ల పెట్టె, దుర్భిణి జాబితాలో అవసరముల క్రింద చేరినవి. అక్కయ్య పిండి రుబ్బు గ్రైండరు, ఇనుప పెనము, పూజాసామగ్రి ‘వీలైనచో’ అను శీర్షిక క్రింద చేరినవి. అక్కయ్య ఆ కాగితమును చూచి, “మీ పుస్తకాలు అవసరమూ, నా గ్రైండరు అలంకారమూనా?” అని ఒక్కమాట అడిగినది. బావగారు బదులు చెప్పలేదు. మరునాడు వంటింటి త్రాసు తెచ్చి, ఇరువురి వస్తువులను ఒక్కొక్కటిగా తూచి, పేరునకు బదులు బరువును, నెలలో వాడు దినములను వ్రాసిరి. గ్రైండరు పది కిలోలు పైబడినది, అది దిగినది. పుస్తకములు పదునాలుగు కిలోలు. వానిలో పండ్రెండు కిలోలు దిగినవి. పెనము వారమున నాలుగు దినములు పొయ్యి నెక్కునది గనుక నిలిచినది. పనిముట్ల పెట్టె సగమైనది.

త్యాగమును గొప్పగా చెప్పుకొను గృహములలో త్యాగము చేయువా రొకరు, కీర్తి పొందువారు మరియొకరుగా నుండుట మన మెరుగనిది కాదు. ఇంటి భారమును తగ్గింతమని పెద్దవాడు తీర్మానించినప్పుడు తన అలవాటునకు అవసర మని పేరు పెట్టి, ఇతరుల అలవాటునకు ఆడంబర మని పేరు పెట్టుట మనుష్యస్వభావము. కావున త్రాసు ఒక్కటే యుండవలెను. అది ఇరువురి యెదుట నుండవలెను. జైనధర్మమున సన్న్యాసికి సంపూర్ణ అపరిగ్రహమును, గృహస్థునకు పరిగ్రహ పరిమాణమును విధించిరి. అనగా గృహస్థు సర్వమును విడువనక్కర లేదు. ఇంతకు మించి యుంచుకొన నని తన హద్దును తానే ఏర్పరచుకొనవలెను. సంసారి కది ఆచరింపదగిన మార్గము. కాని ఆ హద్దు ఒక్కరి నోటినుండి కాక ఇంటిల్లిపాది సమ్మతినుండి పుట్టినప్పుడే అది వ్రత మగును. లేనిచో ఆజ్ఞ యగును.

బండి మారినది, సామాను తగ్గినది. అంతటితో పని ముగిసినదని తలచితిమి. కాని అసలు పని అప్పుడే ప్రారంభమైనది.

పాత బండి ఏడున్నర మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు. క్రొత్తది ఆరు మీటర్లకు కొంచెము తక్కువ, వెడల్పు 2.05 మీటర్లు. పాతదానికి వెనుక ఇరుసునకు ఆవల చాల భాగము వ్రేలాడుచుండెడిది. అట్టి బండిని మలుపు త్రిప్పునప్పుడు తోకభాగము ఎదుటి దిక్కునకు జరుగును. అందుచేత బావగారు పదేండ్లుగా ప్రతి మలుపులోను ముందుకు బాగుగా పోయి, ఎడముగా త్రిప్పి, అద్దములో తోకను కనిపెట్టుచుండిరి. క్రొత్త బండికి ఆ తోక లేదు. ఐనను వారు అటులే ఎడముగా త్రిప్పుచుండిరి. లేని తోకకొరకు అద్దములో వెదకుచుండిరి. వేల్సు దేశమున పొదల నడుమ పోవు సన్నని దారి కెదురైనప్పుడు, ఎదురుబండికి తొలగు చోట్లు కనబడుచున్నను, ఇది మనకు పట్ట దని వెనుకకు మరలిరి. అదే దారిన అంతటి వ్యానే యొకటి మా కండ్లయెదుటనే సాగిపోయెను.

వేగమును అట్లే. అక్కడ ఖాళీ బరువు 3.05 టన్నులు మించిన మోటారు హోములకు, నడుమ విభజన లేని రహదారిపై గంటకు 50 మైళ్ళు హద్దు. అంతకు తక్కువ బరువైన వానికి 60. క్రొత్త బండికి 60 వరకు అనుమతి యున్నను వారి పాదము 50 కడనే ఆగిపోవుచుండెను. వెనుక కార్లు బారుతీరెడివి. చట్టము సడలించిన హద్దును పాదము సడలింపలేదు. బ్రేకు విషయమున దీనికి విరుద్ధము. 750 కిలోలు, అనగా ఆరింట నొక వంతుకు పైగా బరువు తగ్గినది. అదే వేగమున ఆపవలసిన శక్తియు నంతమేరకు తగ్గును. కాని పాదము పాత బరువును ఆపుటకు తగినంత గట్టిగా త్రొక్కుచుండుటచే, అక్కయ్య గిన్నెలన్నియు అరలలో ఒక్కమారుగా మ్రోగెడివి. టైర్లలో మొదట పాత కొలత ప్రకారమే గాలి నింపుటవలన ప్రతి గతుకును ఎముకలకు తెలిసెడిది. ఇరుసుల బరువునకు సరిపడునట్లు తగ్గించిన పిమ్మట బండి మెత్తబడెను. ఎత్తైన ప్రక్కలు గల తేలిక బండి గనుక పెద్ద లారీ దాటునప్పుడు గాలి త్రోపునకు ఊగును. అట్టి సమయమున స్టీరింగును బిగించి పట్టక, రెండు చేతులతో నెమ్మదిగా నిలుపుట నేర్చుకొనవలసి వచ్చినది.

కుమ్మరి చేయి తీసినను సారె కొంతసేపు తిరుగుచుండు నని పెద్దలు కర్మమునకు దృష్టాంతము చెప్పుదురు. వస్తువు పోయిన పిదపను వాసన నిలుచుట ఇట్టిదే. భారమును మోసిన శరీరము ఆ భారమునకు తగిన రూపమును తాల్చును. మూట దించినవాడు వంగియే నడచిన యెడల దించిన ఫల మేమి? వస్తుత్యాగము ఒక దినపు పని. ఒక సంతకముతో తీరును. కొలత మార్చుకొనుట నెలల పని. దానికి సాధన కావలెను. బావగారు సాధన చేసిరి. ఆదివారము ఉదయమున ఖాళీగా నుండు పార్కింగు స్థలమునకు పోయి, ఖాళీ డబ్బాలను వరుసగా నిలిపి, వాని నడుమ ముందుకును వెనుకకును బండిని నడపిరి. అక్కయ్య వెనుక నిలిచి కేక వేయుచుండెను. డెబ్బది యేండ్లవారు, అర్ధశతాబ్దము బండి నడపినవారు, మరల విద్యార్థివలె మొదలుపెట్టుటకు సిగ్గుపడకుండుట నాకు గొప్పగా తోచినది. ఆరవ వారమునకు తోక కొరకు వెదకుట మానిరి. ఆ సన్నని దారినే మరల వెదకికొని పోయి, దాని చివరనున్న చిన్న సముద్రతీరమును మాకు చూపిరి. పెద్ద బండితో పదేండ్లు తిరిగినను వారెన్నడును ఆ తీరమును చూచియుండలేదు.

ఒక ఆక్షేపణ కలదు. పెద్ద విలాసమును వదలి చిన్న విలాసమును చేపట్టుట త్యాగ మెట్లగును? గాడిదలపైనను బండ్లపైనను సంసారమును వేసికొని ఊరూర తిరిగిన సంచారజాతులవారు మన దేశమున నెందరో కలరు. వారి తేలికతనమును ఎవ్వరును పుణ్య మనలేదు. ఈ ఆక్షేపణ న్యాయమైనది. నేను దీనిని త్యాగ మనను. లేమిచే తేలికయైనవారి యెదుట, కలిమిలో కొంత తగ్గించుకొన్నవాడు పుణ్యము చెప్పుకొనరాదు. కాని త్యాగము కాకున్నను ఔచిత్యము కలదు. తన వయసునకు, చూపునకు, అవసరమునకు తగినంత బరువునే తాను మోయుట, మిగిలిన త్రోవను ఇతరులకు విడుచుట, సామాన్యునకు సాధ్యమగు సద్గుణము. మంచమున్నంతవరకే కాళ్ళు చాచవలె నను సామెతకు ఇది రెండవ ముఖము: మంచము చిన్నదైనప్పుడు కాళ్ళను ముడుచుకొనుట కూడ నేర్వవలెను.

మన సంఘసభ్యులలో మోటారు హోములు గలవారు లేకపోవచ్చును. కాని మల్లేశ్వరము, బసవనగుడి వంటి పాతపేటలలో పెరడును బావియు గల ఇండ్లను వదలి రెండు పడకగదుల ఫ్లాటులకు మారినవారును, మారదలచినవారును పెక్కుమంది కలరు. వారి కీ విషయమున నేను మనవి చేయదగినవి మూడు. కాళ్ళలో సత్తువ యుండగనే మారుడు. ఏది వెంట రావలెనో, ఏది ఆగవలెనో ఒక్కరే వ్రాయక, ఇల్లాలి యెదుట, ఒకే త్రాసుతో తూచి వ్రాయుడు. మారిన మొదటి నెలలలో క్రొత్త ఇల్లు ఇరుకని తీర్పు చెప్పకుడు. అప్పటికి మనము పాత ఇంటిలోనే నడచుచుందుము. లేని పెరటి తలుపుకొరకు చేయి చాచుట మానిన తరువాత, ఆ ఇంటిని గూర్చి మాటలాడవచ్చును.