బట్టమేక పిట్ట – రైతు చేను



బట్టమేక పిట్టను మన పెద్దల్లో కొందరు చూసే ఉంటారు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. గూడు కట్టుకోదు, గడ్డి నేల మీదే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. మనుషులో, కుక్కలో, గొర్రెల మందలో పదేపదే దగ్గరకొస్తే ఆ గుడ్డును వదిలేసి పోవచ్చు. దేశం మొత్తం మీద స్వేచ్ఛగా బయట బతికేవి సుమారు 150 మాత్రమేనని అంచనా. ఆదోనికి పడమట, సరిహద్దుకు అవతలి సిరిగుప్ప ప్రాంతం వీటికి మిగిలిన కొద్దిపాటి తావుల్లో ఒకటి.

“ఈ పిట్ట వల్ల మనకేం లాభం?” అని కొందరు అడుగుతారు. మిడతల్ని తింటుంది, నిజమే. కాని లాభం చూసుకొని కాపాడేది సేవ కాదు, బేరం. దేవుడు చేసిన ప్రాణి అన్న ఒక్క కారణం చాలదా?

చాలు. అయితే అంతకంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది: దాన్ని కాపాడేందుకయ్యే ఖర్చు ఎవరిది?

రోళ్ళపాడును చూడండి. అప్పట్లో అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఈ పిట్ట కోసమే 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. కాపలా వచ్చాక పిట్టలు పెరిగాయి, కృష్ణజింకలూ పెరిగాయి. జింకలు చుట్టుపక్కల చేలల్లో పడి పైరు మేశాయి. అప్పు తెచ్చి విత్తనం వేసిన రైతుకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. క్రమంగా పచ్చిక బయళ్ళు తగ్గి, సాగునీరు వచ్చి, పంటలు మారి, పిట్టలూ కరువయ్యాయి.

ఇందులో రైతు దుర్మార్గుడా? కాదు. పుణ్యం మనందరికీ, నష్టం ఆయన ఒక్కడికీ పంచాం. ఇతరుల కంచంలోది తీసి చేసే దానం దానం కాదు.

మన ఆదోని, ఎమ్మిగనూరు యువతీయువకులు పక్షుల రక్షణకు ముందుకొస్తే సంతోషమే. అయితే ఈ సేవలో మొదటి పాఠం దూరంగా ఉండడం. ఫొటో కోసం గుడ్డు దగ్గరకు వెళ్ళకూడదు. ఆ చోటు నలుగురికీ చాటకూడదు. వీధికుక్కల్ని అటు పోనివ్వకూడదు. ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోని పని ఇది.

రెండో పాఠం రైతు గడప తొక్కడం. జింకలు మేసిన చేనును ఆయనతో కలిసి చూడాలి. పరిహారానికి అర్జీ రాసిపెట్టాలి, ఆఫీసు చుట్టూ ఆయన తిరిగే నాలుగు రోజుల్లో ఒక రోజైనా తోడు వెళ్ళాలి.

పిట్టకు నోరు లేదు. రైతుకు నోరుంది, వినేవారు లేరు. ఒకరి పక్షాన నిలబడి ఇంకొకరిని మరిచిపోతే మన సేవ సగమే.