రెండోసారి అడగడం

మా అమ్మకు పెట్టించిన రెండు ఇంప్లాంట్లలో ఒకటి ఏడాదిన్నరకే కదిలిపోయింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు "మీ అమ్మ ఎముక మంచిది కాదు" అన్నాడు. అమ్మ తప్పు చేసినదానిలా తల దించుకుంది.

గర్భం నిలవకపోతే ఆమె లోపమే, పన్ను నిలవకపోయినా ఆమె లోపమే. నిజానికి టైటానియం ఎముకతో కలిసిపోతుందని గమనించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చాడు. అవి విఫలమవడానికి కారణాలు అనేకం: చుట్టూ చేరిన ఇన్‌ఫెక్షన్, అదుపులో లేని షుగర్, పొగాకు, పలచబడ్డ ఎముక, తప్పిన కోణం, పంటి మీద మితిమీరిన బరువు. వీటిలో కొన్ని రోగి వైపువి, కొన్ని వైద్యుడి వైపువి. నింద మాత్రం ఒక్కరికే చేరింది.

బెల్లంపల్లి కాలరీ క్వార్టర్‌లో మూడు షిఫ్టులకూ నాన్నకు సద్ది కట్టిన మనిషి అమ్మ. పన్ను నొస్తే లవంగం పెట్టుకునేది, ఓర్వలేనప్పుడు పీకించుకునేది. నాకు ఉద్యోగం రాగానే ఆ బాకీ తీర్చాలనుకుని ఇంప్లాంట్లు పెట్టించాను. ఇప్పుడు పాతది తీసి, శుభ్రం చేసి, అవసరమైతే ఎముక పొడి నింపి, కొన్ని నెలలు ఆగి కొత్తది వేయాలి. రెండోసారి నిలిచే అవకాశం మొదటిసారి కంటే కొంత తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా "మళ్లీ వేయిద్దాం" అన్నాను.

"పోయినసారి నన్నడిగినవా బిడ్డా?" అంది అమ్మ.

అడగలేదు. స్త్రీ శరీరం మీద ఆమెకే హక్కని క్లాసులో చెప్పే నేను అమ్మ నోటి గురించి అమ్మను అడగలేదు. ప్రేమ కూడా అనుమతి తీసుకోవాలని నాకు తట్టలేదు.

"వద్దు" అంటే ఒప్పుకుంటే సరిపోతుందా? లేమికి అలవాటు పడ్డవాళ్లు తమ కోరికల్నే కుదించుకుంటారని అమర్త్యసేన్, మార్తా నస్‌బామ్ హెచ్చరించారు. జీవితమంతా చివర తిన్న మనిషి "నాకెందుకే" అంటే, అది ఆమె ఎంపికా, ఆమెకు నేర్పిన పాఠమా? ఆ అనుమానం పట్టుకుని ఆమె మాటను నేనే తిరగరాస్తే, అదీ పెత్తనమే కదా?

నాకు తోచిన దారి ఒకటే. డబ్బు ఉందని చెప్పాను. నొప్పి, నెలలు, మళ్లీ ఊడే అవకాశం చెప్పాను. తీసి పెట్టుకునే పళ్లసెట్టు గురించీ, ఖాళీగా వదిలేయడం గురించీ చెప్పాను. అది ఆమె తప్పు కాదని కూడా చెప్పాను. ముందే చెప్పాల్సిన మాట అది.

అమ్మ చాలాసేపు ఊకుంది. తర్వాత "సంక్రాంతికి సకినం కొరుకుడు అయితదా?" అని అడిగింది. మూడేళ్లలో ఆమె తన కోసం అడిగిన మొదటి ప్రశ్న అదే. నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్ని పళ్లూ ఉన్న రోజుల్లోనూ ఆ కొంగు అట్లాగే ఉండేది.

జవాబు ఇంకా చెప్పలేదు. నేను అపాయింట్‌మెంట్ తీసుకోలేదు.