అమ్మ చేతి నేరం

ఎల్ కోసిమానో అనే అమెరికన్ రచయిత్రి 2021లో ఒక నవల రాసింది. కథానాయిక పేరు ఫిన్లే డోనవన్. విడాకులైన తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు, కట్టాల్సిన బిల్లులు, గడువు దాటినా పూర్తికాని ఒక క్రైమ్ నవల. ఒక రోజు హోటల్లో కూర్చుని, తన పుస్తకాల వ్యవహారాలు చూసే ఏజెంటుతో కథలో మనిషిని ఎలా చంపాలో, శవాన్ని ఏం చేయాలో మాట్లాడుతుంటుంది. పక్క బల్ల దగ్గరున్నావిడ ఆ మాటలు వింటుంది. ఫిన్లే సంచిలో విగ్గు, టేపు చుట్ట, నెత్తుటి మరకల గుడ్డ కనిపిస్తాయి. పొద్దున కూతురు తన జుట్టు తానే కత్తిరించుకుని చేసిన రభస తాలూకు సామాను అదంతా. ఆవిడకు అదేం తెలుసు? ఈమె కిరాయి హంతకురాలే అని తీర్మానించుకుని, తన మొగుణ్ణి చంపిపెడితే 50,000 డాలర్లిస్తానని చీటీ రాసి పెట్టి వెళ్లిపోతుంది. ఫిన్లేకు చంపే ఉద్దేశం లేదు. ఆ మనిషి ఎట్లాంటివాడో చూద్దామని మాత్రం వెళ్తుంది. ఆ రాత్రికి అతను ఆమె కారులో, ఆమె గ్యారేజీలో శవమై ఉంటాడు.

అక్కడి నుంచి నవ్వు మొదలవుతుంది. ఏటా ఒకటి చొప్పున 2025 నాటికి ఈ వరసలో ఐదు నవలలు వచ్చాయి. నేను మా ఊరు కొలిమిగుండ్లలో కూర్చుని వాటిని ఇష్టంగా చదివాను. ఆ ఇష్టం ఎక్కడిదో నాకు నేను చెప్పుకోవాలనిపించింది.

నేర కథలు మా పక్కన కరువు కాదు. పాత కర్నూలు జిల్లా అయినా, 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ నంద్యాల జిల్లా అయినా, మా ఊళ్ల పేరు చెప్పగానే బయటివాళ్ల మనసులో మెదిలేది కక్షలూ కత్తులూ. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తర్వాత కొన్నేళ్లపాటు తెలుగు సినిమా మమ్మల్ని ఆ ఒక్క కంటితోనే చూసింది. ఆ సినిమాల్లో నేరం మగవాడిది. అది పొరపాటున జరగదు, మీసం మెలేసి ప్రకటించి మరీ జరుగుతుంది. తల్లికి రెండే పనులు. కొడుకు వద్దంటే వినకుండా వెళ్తుంటే ఏడవడం, లేదా వెళ్లి పగ తీర్చుకురమ్మని బొట్టు పెట్టడం. ఆ ఇంటి వాకిట్లో శవం పడితే ఆ తల్లికి ఏం ఆలోచన వచ్చి ఉంటుందో, రేపటి బియ్యం సంగతి ఏమనుకుందో ఏ దర్శకుడూ అడగలేదు.

ఆ ధోరణికి నవ్వుతో అడ్డుపడిన సినిమా నాకు తెలిసి ఒక్కటే, 2010 నాటి ‘మర్యాద రామన్న’. 1923లో బస్టర్ కీటన్ తీసిన మూకీ సినిమా స్ఫూర్తితో రాజమౌళి దాన్ని రాయలసీమకు తెచ్చాడు. గడప లోపల నెత్తురు పడకూడదనే నియమమే ఆ కథకు ప్రాణం. పగవాడు ఇంట్లో ఉన్నంతసేపు అతిథి, గడప దాటితే బలి. ఫిన్లే కథలో ఇది తలకిందులైంది. నేరం బయట పుట్టి గడప లోపలికి, పిల్లల బొమ్మల మధ్యకి వచ్చి పడింది. బయట వీరంగం ఆడే నేరం ఇంట్లోకి వచ్చేసరికి ఇంటిపని అయిపోతుంది. తీయాలి, తుడవాలి, ఎవరూ చూడకముందే సర్దెయ్యాలి.

చట్టం చెప్పేది కూడా ఇక్కడ గమనించాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 80వ సెక్షనూ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షనూ ఒకే మాట అంటాయి. చట్టబద్ధమైన పనిని తగిన జాగ్రత్తతో, చెడు తలంపు లేకుండా చేస్తుండగా ప్రమాదం జరిగితే అది నేరం కాదు. అయితే నేరం జరిగిందని తెలిసీ నేరస్తుణ్ణి కాపాడడానికి సాక్ష్యాన్ని మాయం చేస్తే పాతదాంట్లో 201, కొత్తదాంట్లో 238 కింద శిక్ష తప్పదు. అంటే అనుకోకుండా నేరస్తురాలైన తల్లి చావు దగ్గర నేరస్తురాలు కాకపోవచ్చు. చీపురు పట్టుకున్న దగ్గర కావచ్చు.

ఆ చీపురు ఆమె చేతికి ఆ రోజే వచ్చిందా? మార్కుల కాగితాన్ని నాయన కంటపడకుండా దాచింది ఎవరు? బియ్యం డబ్బా అడుగున నోట్లు దాచి, పిల్లల ఫీజుకు పుట్టింటి నుంచి తెచ్చానని చెప్పింది ఎవరు? మొగుడు తాగి వాకిట్లో పడితే లోపలికి ఈడ్చుకొచ్చి, పక్కింటామె అడిగితే జ్వరమని చెప్పింది, చెంప మీద వాపును చూసి ఎవరైనా ఆగితే స్నానాల గదిలో జారిపడ్డానని చెప్పింది, అదే చీపురు పట్టిన చెయ్యి. మన ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా సాక్ష్యాలు తుడుస్తూనే ఉన్నారు. తుడిచినవన్నీ ఇతరుల తప్పుల సాక్ష్యాలు. ఫిన్లే కథ చదువుతుంటే నాకు కలిగిన సంతోషానికి మూలం ఇదేననుకుంటాను. ఇన్నాళ్లూ ఎవరెవరి కోసమో వాడిన తెలివిని మొదటిసారి ఒక తల్లి తన మెడ కాపాడుకోవడానికి వాడుతోంది.

ఈ కథను నేను మా అమ్మకు రోజూ కొంచెం కొంచెం చెబుతూ వచ్చాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. శెనక్కాయలు ఒలుస్తూ వినేది. హంతకుడెవరో అన్న ప్రశ్నను ఆమె ఏ మాత్రం పట్టించుకోలేదు. శవాన్ని కారులో వేసుకుని పోయే ఘట్టం చెబుతుంటే చెయ్యి ఆపి, “ఆ పొద్దు పిల్లోల్లు యాడుండ్రి? వాళ్లకు అన్నం ఎవురు పెట్టిరి?” అంది. నేను పుస్తకంలో వెనక్కి తిప్పి చూశాను. రచయిత్రి దానికి జవాబు రాసే ఉంచింది. ఇద్దరు పిల్లలున్న మనిషి శవాన్ని దాచాలంటే ముందు పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తేల్చుకోవాలని ఆ రచయిత్రికి తెలుసు, మా అమ్మకు తెలుసు. ఇంకో రోజు, “అంత మొగమనిషిని ఒకతే యెట్ల ఎత్తింది?” అని అడిగింది. ఒకతే కాదమ్మా, పిల్లల్ని చూసుకునే వెరో అనే పిల్ల తోడొచ్చింది అన్నాను. ఆ వెరో శవాన్ని చూసి పోలీసులకు ఫోన్ చేయదు. డబ్బులో నలభై శాతం తనకివ్వాలంటుంది. మా అమ్మ నవ్వి, “మంచి పనే. ఊరికే యెందుకు మోస్తాది?” అంది. ఇంటిపనికి కూలి కట్టాలని నేనెన్నో వ్యాసాల్లో చదివాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

కథలో నెత్తుటి మరకల దగ్గరికి వచ్చేసరికి మా ఇద్దరి చూపూ మా ఇంటి నేల మీదికి పోయింది. కొలిమిగుండ్లలో నేలంతా నాపబండలే. మా చుట్టూ గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలు, ఇటీవల వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీ, అన్నీ ఈ సున్నపురాయి మీద బతికేవే. చింతపండు పులుసో నిమ్మరసమో పడితే వెంటనే తుడవాలి. లేకపోతే ఆ పులుపు రాయిని తినేసి మెరుపు పోతుంది, మచ్చ మిగులుతుంది. ఇదే రాయిని నీళ్లు యుగాల తరబడి కొంచెం కొంచెం కరిగించుకుంటూ పోతే మా పక్కన బెలుం గుహలయ్యాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి సంగతి రాసిపెట్టాడు. 1980లలో జర్మన్ బృందం లోపల నడిచి కొలిచింది, పొడవు 3229 మీటర్లు తేలింది. మా రాయి జరిగినదాన్ని మరిచిపోదు. ఈ నేల మీద నేరం చేసిన తల్లికి పని ఎక్కువే ఉంటుంది.

తెలుగులో తల్లి చేతుల్లో శవం పడ్డ కథ అనగానే అందరికీ గుర్తొచ్చేది 2014 నాటి ‘దృశ్యం’. అక్కడ కూతుర్ని కాపాడుకోబోయి జరిగిన చావు అది. శవాన్ని పాతిపెట్టింది తల్లీ కూతుళ్లే, ఆ తల్లి మీనా వేసిన జ్యోతి పాత్ర. ఆ తర్వాత కథ మొత్తం కేబుల్ టీవీ నడిపే భర్త బుర్రలోకి వెళ్లిపోతుంది. ఎవరు ఏం చెప్పాలి, ఏ తేదీ ఎక్కడ ఉన్నట్టు నమ్మించాలి, అన్నీ ఆయనే నేర్పుతాడు. ఆమె పని భయపడడం, నోరు జారకుండా ఉండడం. మంచి సినిమా, నేనూ ఊపిరి బిగబట్టి చూశాను. కానీ రోజుకు పదిసార్లు ఎవరికి ఏం చెప్పాలో లెక్క వేసుకుని బతికే గృహిణికి అబద్ధం మొగుడు నేర్పాలా అన్న సందేహం నాకిప్పటికీ పోలేదు. నయనతార నటించిన 2018 తమిళ సినిమా ‘కోలమావు కోకిల’ తెలుగులో ‘కో కో కోకిల’గా వచ్చింది. అందులో అమ్మ వైద్యానికి డబ్బు లేక కూతురు మత్తుమందు మోస్తుంది, చివరికి ఇల్లంతా ఆ పనిలో దిగుతుంది. అమాయకమైన ముఖమే అక్కడ ఆయుధం. ఫిన్లేకు నాకు కనిపించిన దగ్గరి చుట్టం ఆ కోకిలే.

ఇంకా వెనక్కి పోతే మనకు ఇంకా దగ్గరి చుట్టాలున్నారు. సంస్కృతంలో పుట్టి, పాలవేకరి కదిరీపతి చేతిలో తెలుగు కావ్యమైన శుకసప్తతి సంగతి చూడండి. భర్త ఊళ్లో లేనప్పుడు గడప దాటబోయే ప్రభావతిని చిలుక రాత్రికో కథ చెప్పి ఆపుతుంది. ప్రతి కథలోనూ ఒక ఆడది అడ్డంగా దొరికిపోయే క్షణం వస్తుంది. సరిగ్గా అక్కడ చిలుక ఆగి, ఇప్పుడామె ఎలా తప్పించుకుందో నువ్వు చెప్పు అంటుంది. ప్రభావతి ఆలోచిస్తుంది, తెల్లారిపోతుంది. ఫిన్లే నవలల్లో ప్రతి అధ్యాయం చివరా ఇదే చిలుక కూర్చుని ఉంది. పోలీసు తలుపు తట్టాడు, ఫ్రీజర్ తెరవబోతున్నాడు, నువ్వైతే ఏం చేస్తావు? నీతి కోసం చెప్పినట్టు కనబడుతూనే ఆడదాని సమయస్ఫూర్తికి జోహారు కొట్టడం ఆ పాత కథల పద్ధతి. జానపద కథల్లో ఊరికొత్తవాళ్లకు చోటిచ్చి, కోటలోకి దారి చెప్పి, ఉపాయాలన్నీ అల్లే పేదరాసి పెద్దమ్మ కూడా ఈ కుదురులో మనిషే. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల నుంచి 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’ దాకా తెలుగులో నవ్వించే అపరాధ పరిశోధనకు లోటు లేదు. అందులో పెద్దమ్మే లేకుండా పోయింది.

ఈ ఇష్టంలో నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. శవం పక్కన నవ్వవచ్చా? కక్షల కాలంలో మొగుళ్లు పోయి, పిల్లల్ని వెంటేసుకుని వేరే ఊళ్లకు వెళ్లిపోయిన ఆడవాళ్లున్న సీమ ఇది. కోసిమానో ఆ ప్రశ్నను తేలిక చేసుకోవడానికి చచ్చినవాణ్ణి దుర్మార్గుణ్ణి చేసింది. ఆడవాళ్లకు మత్తు కలిపి ఇచ్చి చెరిచే మనిషి వాడు. చావదగ్గవాడే చచ్చాడని పాఠకురాలు ఊపిరి పీల్చుకుంటుంది. ఇది నాకు నచ్చదు. మా పక్క ప్రతి కక్షా మొదలైంది ఆ మాటతోనే కదా, చావదగ్గవాడే చచ్చాడని. ఆ నవలల్లో నా చేత నవ్వించింది చావు కాదు. చంపడం అలవాటు లేని మనిషి పడే కంగారు, ఆ కంగారులోనూ పిల్లవాడి డైపరు మార్చడం మానకపోవడం. అలవాటైనవాళ్లకు కంగారుండదు, వాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు. అందుకే ఫిన్లే జూదశాలల ఊరైన అట్లాంటిక్ సిటీకి ప్రయాణం కట్టిన నాలుగో నవల నాకు కొంచెం పలుచగా అనిపించింది. ఆమె ఆరితేరుతోంది. ఐదో నవలలో ఎదురింటి ముసలావిడ పెరట్లో శవం బయటపడి కథ మళ్లీ ఆ వీధికి, ఆ వంటింటికి వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది.

మనకూ ఇట్లాంటి కథల వరస ఒకటి కావాలి, నువ్వు చెప్పు, నేను రాస్తాను అన్నాను మా అమ్మతో. కొలిమిగుండ్లలోనే జరగాలి, పక్కనే గుహలున్నాయి, శవాన్ని దాచడానికి అంతకన్నా చోటేం కావాలి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “సంపేది వద్దు. సంపింది సాలు మన పక్క. చీటీ పెట్టు” అంది.

ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే ఎంత సరైన చోట వేలు పెట్టిందో అర్థమైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నమ్మకం మీద వేసుకునే చీటీ లేని వీధి లేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయని చీటీ నడపడం నేరం, జైలు కూడా ఉంది. నోటుబుక్కులో గీతలు గీసి, పాట పాడించి, పెళ్లికీ కాన్పుకీ పది ఇళ్ల అవసరాలు గట్టెక్కించే మనిషి తను నేరం చేస్తున్నాననే అనుకోదు. శవం అక్కర్లేదు, నెత్తురక్కర్లేదు. అనుకోకుండా నేరస్తురాలైన తల్లి మా వీధిలో ముందే ఉంది.

అప్పుడిక అమ్మను ఆపడం నా వల్ల కాలేదు. మొదటి పాట ఎత్తుకున్న మనిషి రాత్రికి రాత్రి తాడిపత్రి బస్సెక్కి పోయింటాదట. మిగతావాళ్లకు తెలిసేలోగా చీటీ పెట్టినామె ఆ డబ్బు పూడ్చాలట. ఇంట్లో మొగునికి తెలియకూడదట. ఆమె ఒక పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుందట, లారీకి ఎన్ని బండలు ఎక్కినాయో ఆమెకొక్కదానికే తెలుసట. “ఆడ్నుంచి నువ్వు రాసుకో” అని శెనక్కాయల చేట పక్కన పెట్టింది. మళ్లీ తనే, లారీలో రెండు బండలు తక్కువ చూపిస్తే ఎవరు పట్టుకుంటారో, ఎవరు పట్టుకోరో వరసగా చెప్పడం మొదలుపెట్టింది.