ఓటమిలో ఎవరి తప్పు ఎంత?

పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక వుండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గడులు. ఆ తప్పు ఎవరిదో చెప్పే అయిదో గడి మాత్రం వుండేది కాదు. అయినా చదివేవాడికి అనుమానం కలిగేది కాదు. అది కంపోజిటరుదే! రచయిత వ్రాతప్రతిలోనే తప్పు రాసి వుండవచ్చునని గాని, ప్రూఫులు దిద్దవలసిన పెద్దమనిషి కునుకు తీసి వుండవచ్చునని గాని ఎవరికీ తోచదు. సీసపు అక్షరాలు ఏరి పేర్చే పనివాడు తన పక్షాన ఒక్క వాక్యం కూడా అచ్చు వేసుకోలేడు గదా. ఈ సంగతి నాకు గ్రంథాలయంలో కాదు, ఒక అర్ధరాత్రి కంప్యూటరు ముందు ఆట ఓడిపోయిన మర్నాడు తట్టింది.

ఆటల గురించి విమర్శవ్యాసమేమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. రాత్రి భోజనాలయ్యాక హాస్టలు వరండాలో ఒకసారి నడిచిన అధ్యాపకుడు అలా అనడు. నేను డబ్బు పందెం కాసే ఆటల గురించి మాట్లాడటం లేదు. వాటిని 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. పోటీక్రీడలుగా ఆడే వాటిని అదే చట్టం వేరుగా గుర్తించింది. నేను చెప్పేది డోటా 2 వంటి జట్టు ఆటల మాట. దాని పుట్టుక కూడా మన పాఠకులు తెలుసుకోదగిందే. 2003 నుంచీ ఔత్సాహికులు జీతం లేకుండా, మరొక ఆటకు మార్పులు చేస్తూ చేస్తూ దాన్ని పెంచారు. ఊరందరూ తవ్విన చెరువు చివరకు ఒక కంపెనీ ఆస్తి అయింది.

ఈ ఆటలో అయిదుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు. ఎదుటివారి కోట నడుమ వున్న మూలకట్టడాన్ని కూల్చినవారు గెలుస్తారు. అయిదుగురి పనీ ఒకటి కాదు. ఒకడు బంగారం కూడబెట్టి, ఎదిగి, చివర్లో యుద్ధం గెలిపించాలి. అతన్ని క్యారీ అంటారు. అతను ఎదిగేదాకా కాపు కాసి, తనకు దొరికిన కొద్దిపాటి బంగారంతోనే జట్టుకు కావలసినవి అమర్చేవాడు సపోర్టు. మైదానమంతా చీకటి. తమవాళ్ళున్న చోటా, వార్డు అనే చిన్న వస్తువు పాతిన చోటా మాత్రమే వెలుగు. కొన్ని నిమిషాలకు ఆ వార్డూ ఆరిపోతుంది. దాన్ని మళ్ళీ పాతటం ముఖ్యంగా సపోర్టు బాధ్యత. ప్రతి పేరు పక్కనా మూడు అంకెలు కనిపిస్తాయి: ఎందరిని చంపాడు, ఎన్నిసార్లు చచ్చాడు, ఎన్ని చావులకు సాయపడ్డాడు. పాతిన వార్డు ఎవరి ప్రాణం కాపాడిందో ఆ మూడింటిలోనూ వుండదు.

ఆ రాత్రి నేను సపోర్టును. మిగతా నలుగురూ యంత్రం జతచేసిన అపరిచితులు. ముప్పయి ఎనిమిదో నిమిషంలో మా క్యారీ ఎదుటివారి అడవిలోకి ఒంటరిగా వెళ్ళి ముగ్గురి చేతికి చిక్కాడు. అతను మళ్ళీ లేచేలోపల మా కోట కూలింది. ఆడటం చేతకాకపోతే ఎందుకొస్తావని నేను అతనికి రాశాను. విద్యార్థి ఎవడైనా తోటివాడిని తరగతిలో అంతమాట అంటే వూరుకునేవాణ్ణి కాదు. అతను బదులు రాయలేదు.

ఈ ఆటకు ఒక గొప్ప సదుపాయం వుంది. జరిగిన ఆట మొత్తాన్ని తిరిగి చూడవచ్చు. ఏ ఆటగాడి కళ్ళతో కావాలంటే ఆ కళ్ళతో చూడవచ్చు. మర్నాడు, నా కోపానికి ఆధారాలు పోగుచేద్దామనే దురుద్దేశంతోనే, అతని కళ్ళతో చూశాను. అతను చచ్చిన చోట అంతకుముందు నేను పాతిన వార్డు వుంది. అతను అడవిలో అడుగు పెట్టడానికి కాస్త ముందు అది ఆరిపోయింది. ఆ చోటును అతను పటం మీద రెండుసార్లు మోగించి చూపించాడు. అప్పుడు నా సంచిలో రెండు వార్డులున్నాయి. నేనేమో మైదానం రెండో కొసన, పారిపోతున్న ఒక శత్రువును తరుముతున్నాను. వాణ్ణి చంపాను కూడా. ఆ చావు నా ఘనత కింద జమపడింది. వార్డు పాతకపోవటం ఎక్కడా జమపడలేదు. మిగతా ముగ్గురి తెరల మీదా ఎదుటి ముగ్గురు ఒక్కసారిగా కనిపించకుండా పోయారు. ఒక్కరూ మాట్లాడలేదు.

అంటే, చచ్చింది ఒకడు, చావు మొదలయింది మరొకచోట. అంకెల పట్టిక ఆ చావును పట్టుకున్నవాడి పేరునే రాసింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మనం ఎప్పుడూ ఆడేవాడి మీదే ప్రయోగిస్తాం. మద్దెల నిజంగానే ఓటిదయి, దాన్ని బాగుచెయ్యవలసినవాడే పక్కన నిలబడి సామెత చెబితే ఏమనాలి?

ఇంతవరకూ వచ్చాక, "కనుక తప్పు అందరిదీ" అని తేల్చెయ్యటం సులభం. మన సమావేశాల్లో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు! అందరిదీ అన్నాక ఎవరూ ఏదీ మార్చుకోనవసరం లేదు. సమష్టి బాధ్యత అనే మంచి మాట వ్యక్తి తప్పించుకునే దొడ్డిదారి అయిపోతుంది. దీనికి వ్యతిరేకమైన మాట కూడా అంతే సులభం: "నేను మార్చగలిగింది నన్నే, కాబట్టి తప్పంతా నాదే అనుకుని ఆడాలి." ఆటలో పైకి రాదలచినవారికి సాధారణంగా దొరికే సలహా ఇదే. ఇందులో ప్రయోజనం లేకపోలేదు గాని, సత్యం సగమే వుంది. నా వార్డు సంగతి నేను దిద్దుకోగలను. నలుగురూ చూసి నలుగురూ మాట్లాడకపోవటాన్ని నేనొక్కణ్ణీ ఎలా దిద్దుకోను?

ఈ చిక్కుముడి యంత్రాలకూ ఎదురయింది. 2019 ఏప్రిల్ 13న శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఓపెన్‌ఏఐ సంస్థ తయారుచేసిన యంత్రజట్టు, కొన్ని పరిమితులతో జరిగిన ఆటల్లో, 2018 ప్రపంచ విజేతలైన ఓజీ జట్టును రెండింటికి రెండూ ఓడించింది. ఆ యంత్రం తనతో తానే ఆడుకుని, పది నెలల్లో సుమారు 45,000 సంవత్సరాలకు సరిపడే ఆట ఆడింది. నన్ను ఆకర్షించింది ఆ సంఖ్య కాదు. అందులో జట్టుస్ఫూర్తి అని ఒక కొలత పెట్టారు. అది సున్న అయితే అయిదుగురిలో ప్రతి ఒక్కడూ తన లాభనష్టాలే చూసుకుంటాడు. ఒకటి అయితే అయిదుగురి లాభనష్టాలూ సమంగా పంచుకుంటాడు. శిక్షణ ఆరంభంలో దాన్ని తక్కువగా వుంచి, క్రమంగా ఒకటి దాకా పెంచారు. మొదటినుంచే అన్నీ పంచితే, ఏ ఫలితం ఎవరి ఏ చర్య వల్ల వచ్చిందో తెలియక ఎవరూ ఏమీ నేర్చుకోరు. చివరిదాకా పంచకపోతే జట్టే ఏర్పడదు. నా పని నాకు రావాలి. వచ్చిన తర్వాత నీ చావు నా లెక్కలో పడాలి. ఈ క్రమాన్ని ఆ ఇంజనీర్లు ఏ నైతిక చింతనతోనో కనిపెట్టలేదు. గెలవటానికి అది అవసరమయింది, అంతే. (ఓడిన ఓజీ జట్టు అదే ఏడు ఆగస్టులో షాంఘైలో మళ్ళీ ప్రపంచ విజేత అయింది. యంత్రం నేర్పిన పాఠం వల్లనే అని నేననను. ఆ ఓటమి వారిని కుంగదీయలేదన్నంతవరకే.)

యంత్రానికి సిగ్గు లేదు. మనిషి నేర్చుకోకపోవటానికి బుద్ధిమాంద్యం కన్నా సిగ్గే పెద్ద కారణం. ఈ ఆటల్లో ప్రతివాడికీ ఒక స్థాయి అంకె వుంటుంది. హంగరీలో పుట్టిన అమెరికన్ భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఆర్పాడ్ ఎలో చదరంగం కోసం ఒక లెక్క రూపొందించాడు. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించింది. ఆటల్లోని అంకెలు ఆ లెక్కకు వారసులే. గెలిస్తే అంకె పెరుగుతుంది, గట్టివాళ్ళు తగులుతారు. ఓడితే తగ్గుతుంది, మెత్తనివాళ్ళు తగులుతారు. అందువల్ల చాలామంది గెలుపులు సగం దగ్గర నిలుస్తాయి. ఆటగాళ్ళలో కొందరు దీన్ని చూసి, కంపెనీ కావాలనే తమకు చేతకానివాళ్ళను జతచేసి ఓడిస్తున్నదని నమ్ముతారు. ఇది తలరాత సిద్ధాంతానికి కొత్త అచ్చు. బ్రహ్మదేవుడి స్థానంలో సర్వరు వచ్చింది. అంకె ఆస్తి అయిపోయినవాడికి తప్పు ఒప్పుకోవటమంటే ఆస్తి వదులుకోవటమే. విధి మీదకు నెడితే పట్టా పదిలంగా వుంటుంది. ఆట ముగియగానే మరొక ఆట మొదలుపెట్టే బొత్తాం కళ్ళెదుటే వుంటుంది. కంపెనీకి కావలసింది మనం ఆడటం, ఆలోచించటం కాదు. నిన్నటి ఆటను చూసుకునే గంటలో కొత్త ఆట ఒకటి తగ్గుతుంది మరి.

బోట్విన్నిక్ 1948లో ప్రపంచ చదరంగ విజేత అయినవాడు. సొంత ఆటలను నిర్దాక్షిణ్యంగా విశ్లేషించుకుని, ఆ విశ్లేషణను అచ్చులో పెట్టి పదిమంది విమర్శకూ ఒప్పగించాలని ఆయన బోధించాడు. అది సోవియట్ చదరంగానికి నిజమైన బలం. అయితే చదరంగంలో అరవై నాలుగు గళ్ళూ ఇద్దరికీ కనిపిస్తాయి. ఎత్తు వేసేది ఒక్కడే. జట్టు ఆటలో చీకటి వుంది, నలుగురు సాక్షులున్నారు, ఆ సాక్షులే ముద్దాయిలు కూడా. తిరిగి చూసే సదుపాయంలో ఒక మోసం కూడా వుంది. రెండు పక్షాలనూ ఒకేసారి చూపించే బొత్తాం నొక్కితే చీకటంతా తొలగిపోతుంది, ప్రతి చావూ మూర్ఖత్వంగా కనిపిస్తుంది. 1948 సెప్టెంబరు తర్వాత తెలంగాణా సాయుధపోరాటాన్ని కొనసాగించటం గురించి, 1951 అక్టోబరులో విరమించటం గురించి ఈనాటికీ వాదించుకునే మనం చాలావరకు చీకటి తొలగిన పటం ముందే కూర్చుంటాం. ఆనాడు అడవిలో వున్నవాడికి ఎంతమేర కనిపించిందని అడగం. అడిగినంతమాత్రాన తప్పు ఒప్పయిపోదు. అది ఎక్కడ మొదలయిందో తెలుస్తుంది.

ఆత్మవిమర్శ అనే మాటను మనం అరగదీశాం. నలుగురి ముందు తలవంచుకుని "నాదే పొరపాటు" అనటం చాలాసార్లు చర్చ ముగించటానికి వేసే ఎత్తు. ఆ మాట అన్నవాడి మరుసటి ఆటలో ఏ చర్య మారిందన్నది ఒక్కటే పరీక్ష. నా విషయంలో మారింది చిన్నదే: సంచిలో వార్డు వుండగా శత్రువును తరమటం మానేశాను. నా అంకె పెరగలేదు. గెలుపులో కూడా సంచి చూసుకుంటున్నాను. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. గెలిచిన ఆటలోని తప్పును ఎవరూ వెతకరు, అది అలాగే పెరిగి పెద్దదవుతుంది.

ఆ క్యారీకి క్షమాపణ రాద్దామని పాత ఆటల జాబితాలో అతని పేరు వెతికి పట్టుకున్నాను. మూడు వాక్యాలు రాసి పంపబోయాను. వెళ్ళలేదు. నా మాటలు తనకు చేరకుండా అతను ఆ రాత్రే తలుపు మూసుకున్నాడు.