చదివినవాడిదే సొత్తా?

జైపూర్ ప్రాంతంలో బొగ్గుగని తవ్వకముందు డ్రిల్లు దిగుతుంది. ఎంత లోతున ఏ పొర ఉన్నదో, దాని మందమెంతో, బూడిద పాలెంతో కాగితానికెక్కుతుంది. ఆ కాగితం అబద్ధం చెప్పదు. అడిగినదానికే జవాబు చెప్తుంది. పైనున్న చెట్టూ, చెరువూ, పల్లే అందులో కనిపించవు, వాటిని గురించి దాన్ని ఎవరూ అడగలేదు కనుక. "విజ్ఞానం తటస్థమైనది" అనేవాళ్ళతో నాకున్న పేచీ ఇదే. జవాబు తటస్థమే కావచ్చు. ప్రశ్న వేసేవాడు తటస్థుడు కాడు.

ఇదే సమస్య ఇప్పుడు సముద్రగర్భంలో ఎదురవుతున్నది. మధ్య హిందూ మహాసముద్రం అడుగున 75,000 చదరపు కిలోమీటర్ల మేర లోహపు గుండ్లను అన్వేషించడానికి మనదేశం 2002లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒప్పందం చేసుకున్నది. నికెల్, రాగి, కోబాల్టు, మాంగనీసు గల ఈ గుండ్లు పది లక్షల ఏళ్ళకు కొద్ది మిల్లీమీటర్లు పెరుగుతాయి. అంత లోతునా జీవులున్నాయి. ప్రతి జీవినీ పట్టి చూడనక్కరలేదు: గుప్పెడు బురదలోంచి డి.ఎన్.ఎ. తీసి, దాని అక్షరాల వరుస చదివి, తెలిసిన జీవుల వరుసలతో పోల్చితే అక్కడ ఏమున్నదో కొంతవరకు తెలుస్తుంది. చాలా వరుసలకు పోలికే దొరకదు. ఇలాంటి గుండ్లే ఉన్న పసిఫిక్‌లోని క్లారియన్-క్లిప్పర్టన్ మండలంలో 2023 నాటికి లెక్కకు వచ్చిన 5,578 జాతుల్లో నూటికి 92 ఇంకా పేరు పెట్టనివే.

పేరే లేనిదానికి నష్టమేమిటంటారు కొందరు. సొత్తు మాట వచ్చేసరికి ఈ వాదం తిరగబడుతుంది. సముద్రజీవుల జన్యువరుసలపై పేటెంట్లను 2018లో పరిశీలించగా, 12,998 వరుసల్లో నూటికి 47 ఒక్క జర్మన్ రసాయన కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. నమోదు చేసుకున్నవని తేలింది. అంటే, కాపాడమంటే జీవికి పేరు కావాలి. కాజేయడానికి దాని వరుసలో ఒక ముక్క చాలు!

బొగ్గు మానాలంటే ఈ లోహాలు అక్కరలేదా అని అడగవచ్చు. 2016 నుంచి 1200 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం నడుస్తున్న జైపూర్‌ను చూస్తూ నేనీ ప్రశ్నను తోసిపుచ్చలేను. లోహాలు కావాలి. కాని అవసరం ఉన్నంతమాత్రాన కళ్ళు మూసుకుని తవ్వే హక్కు రాదు. 1979లో పసిఫిక్ అడుగున పరీక్షగా నడిపిన యంత్రపు చాళ్ళు 44 ఏళ్ళ తర్వాత కూడా చెరగలేదు.

2023లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొందిన ఒప్పందం, ఏ దేశానికీ చెందని సముద్రాల్లోని జన్యువనరుల లాభాన్ని, వాటి వరుసల సమాచారంతో సహా, అందరూ పంచుకోవాలన్నది. మంచిదే. తవ్వకానికి అనుమతి మాత్రం వేరే సంస్థ చేతిలో ఉన్నది. చదువు ఒకచోట, తవ్వకం ఒకచోట అయితే మన డ్రిల్లు కాగితం కథే మళ్ళీ జరుగుతుంది. ముందు చదవాలి, ఆ చదువు అందరికీ అందాలి, తవ్వాలో వద్దో ఆ తర్వాతే తేలాలి.

గనుల మధ్య చదువుకునే మన విద్యార్థులు ఏ నివేదిక చేతికి వచ్చినా ఒక ప్రశ్న వేయడం నేర్చుకోవాలి: ఇందులో రాయనిదేమిటి?