నలుగురూ కూర్చునే చోటు



ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ధనుర్మాసం వచ్చేసరికి ముత్తుకూరు తీరాన చలి ముదురుతుంది. నీళ్లు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది. గుంట గట్టున రైతుకు గుబులు పెరుగుతుంది. అలాంటి రోజుల్లోనే మనిషికి పక్కన మరో మనిషి కావాలి.

అందుకే మన పల్లెలు చందాలు వేసుకుని రామమందిరాలు కట్టుకున్నాయి. తెల్లవారుజామున సంకీర్తన, సాయంత్రం భజన, పిల్లల కోలాటం, అరుగు మీద పులిజూదం, సంక్రాంతికి ముగ్గుల పోటీ. అక్కడ కూర్చోవడానికి టికెట్టు లేదు. ఊడ్చేదీ దీపం పెట్టేదీ ఊరివాళ్లే.

ఇదే తీరాన, ఉత్తరంగా వేటపాలెంలో, 1918లో స్థానికులు సారస్వత నికేతనం గ్రంథాలయం ప్రారంభించారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. నూరేళ్లు దాటినా అది పాఠకులకు తలుపు తీస్తూనే ఉంది.

ఇలాంటి చోట్లు నిలిచేది గోడల బలంతో కాదు, వచ్చేవాళ్ల వల్ల. చలికాలం పొద్దు త్వరగా గూకుతుంది. ఇంట్లో ఫోను చేతికి అందుతుంది. అయినా ఈ సాయంత్రం ఒక గంట మీ ఊరి మందిరానికో గ్రంథాలయానికో వెళ్లండి. ఒంటరిగా ఉన్న పెద్దాయననూ, ఇంటికే పరిమితమైన పెద్దమ్మనూ వెంట తీసుకెళ్లండి. వాళ్లు వస్తేనే అది ఊరందరిదీ అవుతుంది.